పెళ్ళికార్డులో తప్పు వత్తు: విండోస్ 11కు మారాక ఒక డీటీపీ షాపులో ఫాంట్ క్యాష్ కేసు

విండోస్ మార్చాక తెలుగు ఫాంట్లు పాడయ్యాయని నాకు వచ్చే కాల్స్‌లో చాలావాటికి మొదటి రోజు సమస్య చిన్నదే. నేను వెళ్ళేసరికి దానిమీద ఎవరో ఒకరు చెయ్యి చేసుకుని ఉంటారు. అసలు తప్పేదో, దాన్ని సరిచెయ్యబోయి చేసిన తప్పేదో విడదీయడానికే సగం పని పడుతుంది. నెల్లూరులో ఈమధ్య చూసిన ఈ కేసు అలాంటిదే. ఫాంట్ క్యాష్ అంటే సిస్టంలోని ఫాంట్ల వివరాలను విండోస్ రాసిపెట్టుకునే చిట్టా. ఇందులో మొదటి తప్పు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించేది, రెండోది కనిపించకుండా ప్రింటుకు పోయేది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

షాపు ట్రంకు రోడ్డుకు దగ్గర్లో ఒక సందులో ఉంది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, రైసు మిల్లుల బిల్లు బుక్కులు, రొయ్యల మేత డీలర్ల కరపత్రాలు, రొట్టెల పండగ వస్తే స్వాగత ఫ్లెక్సీలకు మ్యాటరు, అదీ వాళ్ళ పని. సిస్టాలు రెండు. పెద్దది ఎనిమిదో తరం ఐ5. డిజైనింగంతా దానిమీదే. రెండోది పాతది, బిల్లు బుక్కులకే వాడతారు. పెద్దదాంట్లో పేజీలు పేర్చే పేజీమేకర్ 7, డిజైన్లు గీసే కోరల్ డ్రా, ఫొటోషాప్, తెలుగు టైపింగుకు ఒక స్క్రిప్ట్ మేనేజరు, దాంతోపాటు వచ్చిన ఫాంట్ల సెట్టు ఉన్నాయి. ఏళ్ళ తరబడి పోగైనవన్నీ కలిపి ఎనిమిది వందలకు పైగా ఫాంట్లు. డీటీపీ షాపుల్లో ఇది మామూలే. కస్టమరు పెన్‌డ్రైవులో ఏ ఫాంటు తెస్తే అది లోపలికి పోతుంది, బయటికి పోయేది ఒక్కటీ ఉండదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. తెరమీద ఆ నోటీసు రోజూ చూసి చూసి, ఓనరు గారబ్బాయి పెద్ద సిస్టాన్ని విండోస్ 11కు అప్‌గ్రేడ్ చేశాడు. ఫార్మాట్ కొట్టలేదు, ఉన్నదాని మీదే ఎక్కించాడు. అంతవరకు తప్పేమీ లేదు. ప్రోగ్రాములు, ఫైళ్ళు, ఫాంట్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఓనరు ఫోన్లో చెప్పింది ఇది: "తమ్ముడూ, ఫాంట్లన్నీ ఉండాయి, లిస్టులో పేర్లు గూడా కనపడతా ఉండాయి. ఫైలు తెరిస్తే మాత్రం ఏబీసీడీలు, డాలరు గుర్తులు వస్తా ఉండాయి. కార్తీకం ముహూర్తాలు నెత్తిన పెట్టుకోనుండాము, నువ్వు రావాల."

షాపులో కనబడింది

తీరా వెళ్ళి చూస్తే ఏబీసీడీలు లేవు. తెలుగే వస్తోంది. ఆపరేటరుగా చేసే అమ్మాయి అసలు సంగతి చెప్పింది. "మొన్న చెత్త వచ్చిందన్నా. నిన్నట్నుంచి తెలుగు వస్తా ఉంది గానీ వత్తులు మారిపోతా ఉండాయి. ఇది చూడండి." ఆమె చూపించింది ఒక శుభలేఖ పైవరస. శ్రీరస్తు బాగుంది. శుభమస్తు బాగుంది. అవిఘ్నమస్తు అని ఉండాల్సిన చోట అవిఘ్తమస్తు అని ఉంది. న వత్తు రావలసిన చోట త వత్తు వచ్చి కూర్చుంది. అదే కార్డులో లోపల 'ఆహ్వానం' సరిగ్గానే ఉంది, 'విజ్ఞప్తి'లో వత్తు తప్పింది. దీన్ని మొదట పట్టుకున్నది షాపువాళ్ళు కాదు. ప్రూఫు చూడ్డానికి బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనమామ. ఆయన కళ్ళజోడు తుడుచుకుని అక్షరం అక్షరం చదివే రకం కాబట్టి సరిపోయింది, లేకపోతే కార్డులు ప్రింటైపోయి ఉండేవి.

అదే ఫైలులోని మ్యాటరును కోరల్‌లో పెడితే వత్తులు ఇంకోలా వచ్చాయి. ఫొటోషాప్‌లో అంతా సరిగ్గా ఉంది. ఒకే సిస్టం, ఒకే ఫాంటు పేరు, మూడు ప్రోగ్రాముల్లో మూడు రకాలు. ఇలాంటప్పుడు షాపువాళ్ళకు తోచే మాట ఒకటే ఉంటుంది. ఇక్కడా అదే వచ్చింది: "ఫార్మాట్ కొట్టేద్దామా?"

వద్దన్నాను. ఫార్మాట్ కొడితే నాకు సుఖమే. తీసుకునే డబ్బూ అంతే, ఆలోచించే పనీ ఉండదు. కానీ ఎనిమిది వందల ఫాంట్లు మళ్ళీ ఎక్కడి నుంచి వేస్తారు? అదే పెన్‌డ్రైవు నుంచి. తప్పు అందులోనే ఉంటే కొత్త విండోస్‌లోకి ఆ తప్పునూ మోసుకుపోతాం.

చెత్త రావడం వేరు, వత్తు మారడం వేరు

ఈ రెండు లక్షణాలను 'ఫాంట్ ప్రాబ్లం' అని ఒకే గాటన కట్టేస్తారు. కారణాలు మాత్రం వేరు. ప్రతి లిపిలోని అక్షరాలకూ విడి నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు విడిగా 128 స్థానాల గడి ఉంది. అక్కడ 'క' అంటే ఏ ఫాంటులో అయినా 'క'నే. అను, శ్రీలిపి లాంటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్ మన దాకా రాకముందు నుంచీ ఉన్న పద్ధతిలో నడుస్తాయి. 256 స్థానాలే ఉంటాయి, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట్లలో తెలుగు అక్షరాల ముక్కలు, గుణింతాలు, వత్తులు పేర్చి ఉంటాయి. ఫైలులో దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరాల వరసే. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది.

కాబట్టి ఏబీసీడీలు, డాలరు గుర్తులు కనిపించాయంటే, ప్రోగ్రాము అడిగిన ఫాంటు దానికి అందలేదు, బదులుగా ఏరియలో టైమ్సో ఇచ్చారన్న మాట. తెలుగు వస్తూ కొన్ని వత్తులు మాత్రమే మారాయంటే, అడిగిన పేరుతోనే ఫాంటు అందింది కానీ అది వేరే ఫాంటు. పేరు అదే, లోపలి అమరిక వేరు. మొదటిది క్యాష్ తప్పు కావచ్చు. రెండోది క్యాష్ ఒక్కదానితో రాదు, రెండు రకాల ఫాంటు ఫైళ్ళు సిస్టంలో ఉంటేనే వస్తుంది.

నన్నడిగితే ఏబీసీడీలు రావడమే మేలు. చదువు రాని వాడు కూడా పట్టుకుంటాడు, ప్రింటు ఆగుతుంది. తొంభై అక్షరాలు సరిగ్గా వచ్చి ఒక్క వత్తు మారితే ప్రూఫు చూసినవాళ్ళు కూడా దాటిపోతారు.

క్యాష్ చేసే పని

ఎనిమిది వందల ఫాంటు ఫైళ్ళను ప్రతిసారీ తెరిచి, పేరేంటి, బోల్డా మామూలా, అక్షరాల కొలతలెంత అని చదవాలంటే ప్రతి ప్రోగ్రామూ నత్తనడక నడుస్తుంది. అందుకని విండోస్ ఒకసారి చదివి రాసిపెట్టుకుంటుంది. ఆ పని చేసేది విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీస్. గోడౌనులో సరుకు మారినా పాత చిట్టా చూసి 'ఉంది, ఫలానా మూల ఉంది' అని చెప్పే గుమాస్తా లాంటిది ఇది. చిట్టా సరిగ్గా ఉన్నంత కాలం పని చకచకా సాగుతుంది.

ఈ చిట్టా ఒకచోట ఉండదు, అందుకే చాలామంది సగం తుడిచి మొత్తం తుడిచామనుకుంటారు. సీ డ్రైవులో విండోస్ ఫోల్డరు, అందులో సర్వీస్‌ప్రొఫైల్స్, లోకల్‌సర్వీస్, యాప్‌డేటా, లోకల్, ఫాంట్‌క్యాష్ అని వరసగా లోపలికి పోతే, ఫాంట్‌క్యాష్ అన్న మాట పేరులో ఉన్న డ్యాట్ ఫైళ్ళు కనిపిస్తాయి. వాటిలో సిస్టం మొత్తానికి చెందినవి కొన్ని, ఒక్కో యూజరుకు విడిగా ఆ యూజరు ఐడీ నంబరుతో ఉండేవి కొన్ని. ఇవి కాక సిస్టం32 ఫోల్డరులో ఎఫ్ఎన్‌టీక్యాష్ అన్న పేరుతో ఇంకో డ్యాట్ ఫైలు. అడోబీ ప్రోగ్రాములు తమ సొంత లెక్క తాము వేరే రాసుకుంటాయి, అడోబీఎఫ్ఎన్‌టీ అని మొదలయ్యే ఎల్ఎస్‌టీ ఫైళ్ళు అవే. పేజీమేకర్ లాంటి పాత ప్రోగ్రాము ఫాంటును విండోస్ పాత దారిలో అడుగుతుంది, కొత్త ప్రోగ్రాములు కొత్త దారిలో అడుగుతాయి, కొన్ని నేరుగా ఫైలే చదువుకుంటాయి. మూడు ప్రోగ్రాముల్లో మూడు రకాలుగా రావడంలో వింతేమీ లేదు.

ముందు ఎవరేం చేశారు

సిస్టం ముట్టుకునే ముందు ఓనరు గారబ్బాయిని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. తిడతానేమోనని మొదట నసిగాడు గానీ, తర్వాత అన్నీ చెప్పాడు. కుర్రాడు తెలివిగలవాడే.

అప్‌గ్రేడ్ అయిన మర్నాడు ఏబీసీడీలు వచ్చాయి. యూట్యూబులో చూసి క్యాష్ తుడిచే బ్యాచ్ ఫైలు ఒకటి నడిపాడు. ఆ వీడియో చెప్పింది తప్పు కాదు. ఆ తర్వాత సిస్టాన్ని షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేశాడు. మార్పు లేదు. దాంతో 'ఇది క్యాష్ కాదు, ఫాంట్లే పోయినాయి' అని తేల్చుకుని, పెన్‌డ్రైవులో ఉన్న ఫాంట్ల ఫోల్డరు తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో ఇన్‌స్టాల్ కొట్టాడు. సగంలో ఆగిపోయినట్టు అనిపించి మళ్ళీ కొట్టాడు. ఆ సాయంత్రం ఏదో అప్‌డేట్ కోసం సిస్టం తనంతట తనే రీస్టార్ట్ అయింది. ఆన్ అయ్యాక తెలుగు వచ్చింది, వత్తులు మారాయి.

కేసు మొత్తం ఈ నాలుగు మాటల్లోనే ఉంది. షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యడం, రీస్టార్ట్ చెయ్యడం ఒకటే అని అందరూ అనుకుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే ఒకటి కాదు. షట్‌డౌన్ కొడితే యూజరు పనిని మూసేస్తుంది కానీ, లోపలి కెర్నెల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్కులో దాచి పెట్టుకుంటుంది, ఆన్ చేసినప్పుడు దాన్నే మళ్ళీ పైకి తెస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. క్యాష్ తుడిచాక అతను రీస్టార్ట్ కొట్టి ఉంటే ఆ రోజే అయిపోయేది. నాకు పని తగిలేది కాదు.

రెండోది, ఇన్‌స్టాల్ అన్న మాట. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి, ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ఊరికే ఇన్‌స్టాల్ కొడితే అది ఆ ఒక్క యూజరుకే పడుతుంది. విండోస్ ఫాంట్స్ ఫోల్డరులోకి పోదు, యూజరు యాప్‌డేటాలో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో పడుతుంది. అందరికీ పడాలంటే 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అన్నది ఎంచుకోవాలి. కుర్రాడు వేసిన ఫాంట్లు దాదాపు అన్నీ అతని ఖాతా లోపలికి పోయాయి, అసలు ఫాంట్లు విండోస్ ఫోల్డరులో అలాగే ఉన్నాయి. పెన్‌డ్రైవులో ఉన్నదేమో అదే సెట్టుకు పాత వెర్షను.

తేల్చుకున్న తీరు

అనుమానం వచ్చాక రుజువు కావాలి. కొత్తగా ఒక యూజరు ఖాతా తెరిచి, అందులోంచి పేజీమేకర్ నడిపి అదే శుభలేఖ తెరిచాను. అవిఘ్నమస్తు చక్కగా వచ్చింది. అంటే సిస్టం ఫాంట్లు బాగున్నాయి, తప్పు పాత ఖాతాలోనే ఉంది. ఈ ఒక్క పరీక్షకు పట్టేది టీ తాగేంత సేపు. ఎవరికైనా మొదట చేయమని చెప్పేది ఇదే. కొత్త ఖాతాలో కూడా తప్పే వస్తే సిస్టం క్యాషో ఫాంటు ఫైలో చూడాలి. సరిగ్గా వస్తే యూజరు ఫోల్డరు చూడాలి.

తర్వాత పాత ఖాతాలోకి వచ్చి ఫాంట్ల ఫోల్డరు చూశాను. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో విండోస్ ఫాంట్స్ ఫోల్డరు తెరిస్తే కనిపించేది అసలు ఫోల్డరు కాదు, విండోస్ అలంకరించి చూపే జాబితా. ఒకే కుటుంబంలోని ఫాంట్లను ఒక గుర్తు కింద చేర్చేస్తుంది. డబల్ ఉన్నా తెలియదు. కమాండ్ ప్రాంప్టులో డీఐఆర్ కొడితే ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. యూజరు ఫోల్డరులో కొడితే పేజీలకు పేజీలు దిగింది. చాలా ఫైళ్ళకు పేరు చివర అండర్‌స్కోర్ సున్నా తగిలించిన జంట ఒకటి ఉంది. అదే పేరుతో ఫైలు అప్పటికే ఉంటే విండోస్ ఆ గుర్తు పెట్టి రెండోది వేస్తుంది. కుర్రాడు రెండోసారి ఇన్‌స్టాల్ కొట్టిన ఆనవాలు అది. అంటే ఒక్కో ఫాంటు విండోస్‌లో ఒకటి, యూజరు దగ్గర రెండు, మొత్తం మూడు.

వాటిలో శుభలేఖలో వాడిన ఫాంటు తాలూకు ఫైళ్ళను డబల్ క్లిక్ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. పైన పేరు ఒకటే. కింద వెర్షన్ నంబరు వేరు, ఫైలు సైజు వేరు. ఫాంటులో ఏ స్థానంలో ఏ అక్షరం ఉందో చూపే క్యారెక్టర్ మ్యాప్‌లో న వత్తు ఉండే స్థానం చూస్తే ఒకదాంట్లో న వత్తు, ఇంకోదాంట్లో త వత్తు. ఇక అనుమానం లేదు. ఓనరును పిలిచి చూపించాను. ఆయన తెర వైపు చూసి, కొడుకు వైపు చూసి, "పేరొకటే పెట్టుకోని ఇద్దరుండారన్న మాట" అన్నాడు.

చేసిన పని

మొట్టమొదట చేసింది సరిచెయ్యడం కాదు, కాపీ తీయడం. అప్‌గ్రేడ్ చేశాక పాత విండోస్ మొత్తం సీ డ్రైవులో విండోస్ డాట్ ఓల్డ్ అన్న ఫోల్డరులో ఉంటుంది. అందులో విండోస్, దాంట్లో ఫాంట్స్ ఉంటాయి. అప్‌గ్రేడుకు ముందు రోజు ఏ ఫాంట్లతో షాపు నడిచిందో ఆ ఫాంట్లే అవి. వెనక్కి పోవడానికి విండోస్ ఇచ్చే గడువు మామూలుగా 10 రోజులు, ఆ తర్వాత ఆ ఫోల్డరు తుడుచుకుపోతుంది. అదృష్టం, ఇంకా ఉంది. ఆ ఫాంట్ల ఫోల్డరును, పాత ఖాతాలోని యూజరు ఫాంట్ల ఫోల్డరును రెండూ డీ డ్రైవులోకి కాపీ చేశాను.

ఓనరు అప్పుడు అడిగాడు, 10 రోజులు కాలేదు కదా, గో బ్యాక్ కొట్టి విండోస్ 10కే పోదామా అని. పోవచ్చు. కానీ అప్పటికే కొన్ని పేజీమేకర్ ఫైళ్ళు మారిపోయి ఉన్నాయి (దాని సంగతి కింద చెబుతాను), వెనక్కి పోయినంత మాత్రాన అవి వెనక్కి రావు. పైగా ఆ విండోస్ 10 మీద ఇంకెన్నాళ్ళు నడుపుతారు?

పాత ఖాతాలో రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే పట్టిక) తెరిచి, కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్, ఫాంట్స్ అన్న కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచాను. యూజరు ఫాంట్ల చిట్టా అది, ఒక్కో పేరు ఎదురుగా ఫైలుకు పూర్తి దారి రాసి ఉంటుంది. కుర్రాడు వేసినవన్నీ అందులోంచి తీసేశాను. లోకల్ మెషీన్ కింద కూడా అచ్చం ఇలాంటి కీనే ఉంటుంది. అది సిస్టం మొత్తానిది, దాని జోలికి పోకూడదు. తర్వాత సైన్ అవుట్ అయి, ఇంకో అడ్మిన్ ఖాతాలోంచి ఆ యూజరు ఫోల్డరులోని ఫాంటు ఫైళ్ళను పక్కకు జరిపాను. అదే ఖాతాలో ఉండి తీయబోతే 'ఫైలు వాడకంలో ఉంది' అని మొరాయిస్తుంది.

ఇప్పుడు క్యాష్. రన్ బాక్సులో సర్వీసెస్ తెరిచి, విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీస్‌ను ముందు డిజేబుల్డ్‌లో పెట్టి, ఆ తర్వాత స్టాప్ కొట్టాలి. వరస ముఖ్యం. ఊరికే స్టాప్ కొడితే ఏదో ఒక ప్రోగ్రాము ఫాంటు అడగ్గానే అది మళ్ళీ లేచి కూర్చుంటుంది, ఫైళ్ళు తుడవనివ్వదు. పక్కనే ప్రెజెంటేషన్ ఫౌండేషన్ ఫాంట్ క్యాష్ అని ఇంకో సర్వీసు నడుస్తుంటే దాన్నీ ఆపాలి. ఆపి, పైన చెప్పిన ఫాంట్‌క్యాష్ ఫోల్డరులోని డ్యాట్ ఫైళ్ళు, సిస్టం32లోని ఎఫ్ఎన్‌టీక్యాష్ ఫైలు, అడోబీ ఎల్ఎస్‌టీ ఫైళ్ళు తీసేశాను. సర్వీసును మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టాను. ఇది మరిచిపోయి వదిలేసిన సిస్టాలు చూశాను, ప్రతిదీ తెరుచుకోవడానికి యుగాలు పడుతుంటుంది. ఆ తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్.

మొదటిసారి తెరుచుకోవడం కాస్త ఆలస్యమైంది. చిట్టా కొత్తగా రాసుకుంటోంది కాబట్టి కంగారు పడాల్సింది లేదు. పేజీమేకర్‌లో శుభలేఖ తెరిస్తే అవిఘ్నమస్తు వచ్చింది. కోరల్‌లోనూ వచ్చింది. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపేశాను. ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టంలో దానివల్ల కలిసొచ్చేది క్షణాలే, ఇలాంటి చోట తెచ్చే తలనొప్పి ఎక్కువ.

ఒక్క కార్డు చూసి సరే అనుకోలేదు. పరీక్షకు ఒక పేజీ తయారు చేయించాను. షాపులో నిజంగా వాడే నలభై దాకా ఫాంట్లలో ఒక్కోదానితో ఒకే వరస: శ్రీ, స్త్రీ, అవిఘ్నమస్తు, చి.ల.సౌ., లక్ష్మీనరసింహ, రాష్ట్రం, ఉత్సవం, విజ్ఞప్తి, జ్యేష్ఠ, కనిష్ఠ, ఆహ్వానం. పెళ్ళికార్డులో, పెద్దకర్మ కార్డులో వచ్చే కష్టమైన వత్తులన్నీ ఇంచుమించు ఇందులో పడతాయి. ఆపరేటరు అమ్మాయి ఒక్కో వరసా వేలుపెట్టి చదివింది. మూడు ఫాంట్లలో ఇంకా తప్పు కనబడింది. చూస్తే, ఆ మూడింటిని కుర్రాడు 'ఆల్ యూజర్స్' అని వేశాడు, రీప్లేస్ చెయ్యమంటారా అంటే యెస్ కొట్టాడు. విండోస్ ఫోల్డరులోని అసలు ఫైళ్ళే పోయి పాత వెర్షను కూర్చుంది. విండోస్ డాట్ ఓల్డ్ కాపీలోంచి ఆ మూడింటిని తిరిగి వేశాం. ఆ కాపీ లేకపోతే ఇవి ఎక్కడ దొరికేవో!

ఫైళ్ళకు తగిలిన దెబ్బ

ఫాంట్లు కుదిరాక కూడా కొన్ని పాత ఫైళ్ళలో ఏబీసీడీలే వచ్చాయి. దీనికి కారణం పేజీమేకర్ అడిగే ఒక ప్రశ్న. ఫైలులో ఉన్న ఫాంటు దొరక్కపోతే పానోస్ అనే పద్ధతిలో దగ్గరి ఫాంటు ఒకటి వెతికి, ఫాంట్ మ్యాచింగ్ రిజల్ట్స్ అని ఒక పెట్టె చూపిస్తుంది. ఈ మార్పు తాత్కాలికమా, శాశ్వతమా అని అందులో రెండు చుక్కలు ఉంటాయి. తాత్కాలికం అయితే ఫైలు అసలు ఫాంటు పేరును గుర్తుపెట్టుకుంటుంది, ఫాంటు తిరిగి రాగానే అంతా సర్దుకుంటుంది. శాశ్వతం కొట్టి సేవ్ చేస్తే ఫైలులో ఫాంటు పేరే మారిపోతుంది. ఆ తర్వాత ఎన్ని క్యాష్‌లు తుడిచినా అది ఏరియలే అడుగుతుంది, ఏరియలే వస్తుంది.

ఏబీసీడీలు వచ్చిన రోజున ఈ పెట్టె పదే పదే వస్తుంటే విసుగెత్తి ఎవరో శాశ్వతం కొట్టేశారు. ఎవరని అడగలేదు. అలా సేవ్ అయిన వాటిలో సులువైనవి బిల్లు బుక్కులు. మ్యాటరంతా ఒకే ఫాంటు కాబట్టి సెలెక్ట్ ఆల్ చేసి అసలు ఫాంటు పెడితే సరిపోయింది, లోపలి అక్షరాల వరస చెడలేదు కదా. శుభలేఖలు అలా కాదు. ఒక కార్డులో నాలుగైదు ఫాంట్లు ఉంటాయి, మధ్యలో ఇంగ్లీషు వరసలు, తేదీలు ఉంటాయి. అన్నీ ఏరియల్ అయిపోయాక ఎక్కడ ఏది ఉండేదో తెలియదు. ప్రింటైన నమూనా కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో వరసకూ ఫాంటు మళ్ళీ వేసుకుంటూ పోవాల్సిందే. ఆ అమ్మాయి అవి చేస్తూనే ఉంది.

సిస్టంలో ఫాంట్లు తేడాగా కనిపించిన క్షణం నుంచి ఏ ఫైలూ సేవ్ చెయ్యొద్దని షాపులన్నిటికీ చెబుతుంటాను. చూడండి, మూసెయ్యండి, సేవ్ చేయాలా అంటే నో కొట్టండి. ప్రింటుకు పోక తప్పనిది ఉంటే, సరిగ్గా ఉన్న సిస్టంలో కోరల్‌లో తెరిచి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి తెచ్చుకోండి. కర్వ్స్ అయ్యాక అది అక్షరం కాదు, బొమ్మ. ఏ క్యాషూ దాన్ని ఏమీ చేయలేదు. తప్పు దిద్దాలంటే మాత్రం కుదరదు కాబట్టి అసలు ఫైలు విడిగా ఉంచుకోవాలి.

క్యాష్ కాని క్యాష్ కేసులు

ఇదే రోజుల్లో కోవూరు వైపు ఒక దస్తావేజు లేఖరి పిలిచాడు, ఆయనదీ 'ఫాంట్ క్యాషే' అని. వర్డ్‌లో గౌతమి ఫాంటుతో ఏళ్ళుగా టైపు చేసిన పత్రాలు, కొత్త విండోస్‌లో పేజీలు మారిపోతున్నాయి, పదకొండో పేజీలో ఉండాల్సిన సంతకాల వరస పన్నెండులోకి జారుతోంది. ఆయనది కొత్తగా వేసిన విండోస్. గౌతమి విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, వాణి విండోస్ 7తో వచ్చింది, విండోస్ 8 నుంచి ముఖ్యమైన భారతీయ లిపులన్నిటికీ కలిపి నిర్మల యూఐ ఉంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్న పేరుతో విడి ఫీచరుగా మారాయి, ఆప్షనల్ ఫీచర్స్‌లోకి పోయి వేసుకోవాలి. వేశాం, పేజీలు కుదిరాయి. యూనికోడ్ కాబట్టి ఏబీసీడీలు రాలేదు, వేరే ఫాంటు కొలతలకు వరసలు జరిగాయంతే.

ఫొటోషాప్ కొత్త వెర్షను వేశాక కొన్ని పాత హెడ్డింగు ఫాంట్లు మాయమయ్యాయంటే అవి టైప్ 1 అనే పాత రకం ఫాంట్లేమో చూడండి. 2023 జనవరికల్లా అడోబీ తన ప్రోగ్రాముల్లో వాటికి సపోర్టు ఆపేసింది. పేజీమేకర్‌లో అక్షరాలన్నీ సరిగ్గా ఉండి వరసలు మాత్రం జరిగాయంటే డిఫాల్ట్ ప్రింటరు మారిందేమో చూడండి. అది ప్రింటరును బట్టి పేజీ పేర్చుకునే ప్రోగ్రాము, విండోస్ తనంతట తను డిఫాల్ట్ ప్రింటరును మార్చే సెట్టింగు ఒకటి ఉంది, దాన్ని ఆపేయాలి.

ఇప్పుడు

నెల్లూరు షాపులో పెద్ద సిస్టం బాగానే నడుస్తోంది. ఫాంట్లను ఎనిమిది వందల నుంచి రెండు వందల లోపుకు తెచ్చాం. మిగతావి డీ డ్రైవులో ఒక ఫోల్డరులో ఉన్నాయి, అడిగినప్పుడు వేసుకుంటారు. పెన్‌డ్రైవులోని పాత సెట్టును ఓనరు స్వయంగా డిలీట్ చేశాడు. పరీక్ష పేజీ ప్రింటు తీసి గోడకు అంటించారు, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ దాంతో పోల్చి చూసుకుంటున్నారు.

రెండో సిస్టం విండోస్ 11కు పనికిరాదు, ప్రాసెసరు పాతది. దానికి నెట్ తీసేసి బిల్లు బుక్కులకే ఉంచమన్నాను. ఓనరు మాత్రం అందులోనూ ఏదో ఒక దారిలో 11 ఎక్కించమంటున్నాడు. కొడుకు ఆ వీడియో కూడా చూసి పెట్టాడట. ఎక్కించే ముందు ఫాంట్ల ఫోల్డరు కాపీ తీసి నాకు ఫోన్ చేయమని చెప్పాను.